పద్నాలుగో రౌండు

ఆయన పోయారన్న కబురు నాకు సిటీ బస్సులో తెలిసింది. గవర్నర్‌పేటలో మా టైపు ఇన్‌స్టిట్యూట్ కింద టీ కొట్టు నడిపిన కోటయ్య ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "టీచరమ్మ గారు కదండీ? నేనండీ, కోటయ్యని" అని పలకరించాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మన మెకానిక్ గారు పోయారండీ. నలభయ్యో రోజు ఫాతిహా కూడా అయిపోయింది. మీకు కబురు చేద్దామంటే ఎక్కడుంటున్నారో తెలియలేదు" అన్నాడు.

"అయ్యో" అన్నాను.  దిగాల్సిన స్టాపు దాటిపోయింది, అయినా లేవలేదు. ఒకప్పుడు నాకు మా నాన్న మాట కన్నా ఆ మనిషి మాట మీదే గురి. ఆ తర్వాత చాలా ఏళ్లు, ఆయన ఊసు ఎవరైనా ఎత్తితే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేదాన్ని.

తొంభైల్లో సంగతి. రోజూ పొద్దున్నే ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చి, ఆ ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పరీక్షలకు పిల్లలకు టైపు నేర్పేదాన్ని. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మా మేడ మెట్ల కింద, మనిషి నిలబడితే తల తగిలే చోట ఆయన బల్ల. ఊళ్లో సగం టైపు మిషన్లు ఆ బల్ల మీదికి వచ్చి బాగుపడి వెళ్లేవి. పెట్రోలు డబ్బా, పాత టూత్‌బ్రష్షులు, చెవి మీద స్క్రూడ్రైవరు. పొట్టి మనిషే గానీ భుజాలు వెడల్పు. యాభై దాటినా మెట్లు మునివేళ్ల మీద ఎక్కేవారు, చప్పుడు ఉండేది కాదు. ఎడమ కనుబొమ మధ్యలో వెంట్రుకలు మొలవని గీత ఒకటి. కుడి చేతి చిటికెన వేలు వంకర.

మా హాల్లోకి వస్తే ముందు మనుషుల్ని పలకరించేవారు కాదు, మిషన్లను పలకరించేవారు. ఒక్కో కీ మీద వేలు ఆనించి, "ఇది అలిసిపోయిందమ్మా" అనేవారు. కీలను దబదబా బాదే ఆడపిల్లల పక్కన ఆగి, "కొట్టి అక్కడే ఉండిపోకండమ్మా. తాకండి, వెనక్కి రండి. అక్కడే ఉండిపోతే ఎదుటివాడు ఊరుకుంటాడా?" అనేవారు. టైపు మిషనుకు ఎదుటివాడేంటని పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఒక మధ్యాహ్నం క్లాసులు లేని వేళ, కింద ఆయన ఎవరితోనో పోట్లాడుతున్నట్టు వినబడింది. "ఎడమ చెయ్యి... మళ్లీ ఎడమే... ఇప్పుడు లోపలికి రా, రావేం? భయమా?" అంటున్నారు. కంగారుగా మెట్లు దిగి చూస్తే అక్కడ ఆయనా, విప్పిన మిషనూ తప్ప ఎవరూ లేరు.

"ఎవరితో మాస్టారూ?" అన్నాను.

దొరికిపోయినవాడిలా ముఖం పెట్టి, "ఏడో రౌండమ్మా" అన్నారు.

ఆయన చిన్నప్పుడు మద్రాసులో పెరిగారు. అక్కడి హార్బరు పేటల్లో బాక్సింగు నేర్చుకుని పోటీల్లో దిగారు. అరవై ఏడు కిలోల తరగతి, వెల్టర్ వెయిట్ అంటారు. ఆ బరువులో ప్రపంచంలో ఎవరెప్పుడు గొప్పవాళ్లో అన్నీ పాత పుస్తకాల షాపుల్లో దొరికే విదేశీ పత్రికలు చూసి తెలుసుకున్నారు. ఒకే కాలంలో పుట్టనందువల్ల ఎన్నడూ ఎదురుపడని మనుషుల్ని తన బుర్రలో ఎదురెదురుగా నిలబెట్టేవారు. నలభైల నాటివాడికీ ఎనభైల నాటివాడికీ, ఇరవైల నాటి బొగ్గుగని కూలీకీ డెబ్బైల నాటి చెరుకు కోతగాడికీ పోటీ. అలా ఒకటి కాదు రెండు కాదు, ఎన్నో.

"ఆ బరువే ఎందుకండీ?" అని అడిగాను.

"పెద్ద బరువోళ్లు ఒక్క దెబ్బకి తేల్చేస్తారు. అందులో చూసేదేముంది? చిన్న బరువోళ్లు దోమల్లా తిరుగుతారు, దొరకరు. ఈ బరువులో బలమూ కావాలి, బుర్రా కావాలి. బస్సులో మీ పక్కన నిలబడే మగాళ్ల బరువమ్మా అది. వాళ్లు ఏం చెయ్యగలరో చూడాలనిపిస్తుంది."

ఆ ఆటకు ఆయన పెట్టుకున్న నియమాలు చెబితే నవ్వొస్తుంది గానీ, ఆయన నవ్వేవారు కాదు. ప్రతివాడూ తన మంచి వయసులో రావాలి. పాతవాళ్లకు పదిహేను రౌండ్లు అలవాటు, కొత్తవాళ్లకు పన్నెండే. "పన్నెండైతే పాతోడికి అన్యాయం, పదిహేనైతే కొత్తోడికి కష్టం. కష్టం భరించొచ్చు, అన్యాయం భరించలేం" అని పదిహేనే ఖాయం చేశారు. ఇద్దరిలో ఎవరి సొంతూళ్లోనూ పోటీ జరగకూడదు. అందుకని ప్రపంచంలోని మహామహులంతా కృష్ణ ఒడ్డుకు రావాల్సిందే. బ్యారేజీకి దిగువన ఇసుకలో, రోహిణి కార్తె ఎండలో, పక్కన కొబ్బరి బోండాల బండితో సహా రింగు కట్టేవారు. పేర్లు పలకడం నిషేధం. "పేరు చెబితే మార్కులు పేరుకి పడతాయి, మనిషికి పడవు" అనేవారు. అందుకే పెద్దాయన, చిన్నోడు, బొగ్గాయన, ఇలా ఆయన పెట్టిన పేర్లే నాకు తెలుసు. వాళ్ల అసలు పేర్లేమిటో ఈ రోజుకీ నేను వెతికి చూడలేదు.

నిలబడి చెప్పేవారు, కూర్చుని ఎప్పుడూ చెప్పలేదు. టైపు మిషను క్యారేజీని చివరికి తోస్తే మోగే చిన్న గంటే రౌండు గంట. టింగుమనగానే ఆ మనిషి ముఖమే మారిపోయేది. రౌండుకూ రౌండుకూ మధ్య ఒక్క నిమిషం. ఆ నిమిషంలో సాసరులో పోసుకున్న టీ తాగి, మళ్లీ గంట కొట్టేవారు.

నేను టైపు చేయడం మొదలుపెట్టింది ఊరికే, స్పీడు కోసం. ఆయన చెబుతుంటే కార్బను పెట్టి కొట్టేదాన్ని. కొన్నాళ్లకు, "మీరూ మార్కులు వెయ్యండి టీచరమ్మా. గెలిచినోడికి పది, ఓడినోడికి తొమ్మిది" అన్నారు. నాకేం తెలుసన్నాను. "చేతులు చూడకండి, కాళ్లు చూడండి. ఎవడి కాళ్లు వాడు అనుకున్న చోటికి వెళుతున్నాయో వాడిదే రౌండు" అన్నారు. అంతే, అదే నా శిక్షణ.

ఒకసారి ఆయన బొగ్గాయనకు ఇచ్చిన మూడో రౌండును నేను అవతలివాడికి వేశాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన వాదించలేదు. ఆ పూటంతా రిబ్బన్లు చుట్టుకుంటూ కూర్చున్నారు. మర్నాడు నేను బస్సు దిగి వచ్చేసరికి మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు.

"మూడో రౌండు మీరన్నదే కరెక్టమ్మా. నేను అతని వీపు వైపున నిలబడి చూశాను. అందుకే కనబళ్లేదు. మార్చి కొట్టండి."

ఇంట్లో పెళ్లికి ఏ చీర కట్టుకోవాలో కూడా మా పెద్దమ్మ చెప్పే రోజులవి. నేను అన్న మాటను ఒక పెద్దమనిషి ఇంటికి తీసుకెళ్లి, ఆలోచించి, తన మాట మార్చుకుని రావడం నాకు అదే మొదటిసారి. ఆ రోజు నేను కొట్టిన కాగితంలో ఒక్క తప్పు లేదు.

మద్రాసులో బాక్సింగు ఎందుకు మానేశారో కూడా ఆయన నాకొక్కదానికే చెప్పారు. ఒక ఫైనలు పోటీలో ఆయనే గెలిచారట. ఎదుటి కుర్రాడు సొంత కాళ్ల మీద నిలబడలేక తాడు పట్టుకుని వేలాడాడట. ఆ కుర్రాడి తండ్రి పోటీ పెట్టించిన ఆసామి. జడ్జీలు ముగ్గురూ ఆ కుర్రాడి చెయ్యే పైకెత్తారు. "నేను దెబ్బలకి మానలేదమ్మా, తీర్పుకి మానాను. ఇక్కడ మాత్రం" అని తన తల మీద వేలితో తట్టుకుని, "ఎవడూ వచ్చి చెయ్యి మార్చి ఎత్తలేడు" అన్నారు.

నేను నమ్మాను. మా నాన్న షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు తూకాన్ని నమ్మేవాడు కాదు, అమ్మ డాక్టర్లను నమ్మేది కాదు. నేను మాత్రం మెట్ల కింద బల్లను నమ్మాను.

పెద్దాయనకూ చిన్నోడికీ పోటీ ఎన్నాళ్లుగానో వాయిదా పడుతూ వచ్చింది. పెద్దాయన నలభైల నాటి మనిషి. వెనక్కి వెళుతూ కొట్టగలడు. చిన్నోడు ఎనభైల వాడు, చేతులు కనబడనంత వేగం. ఆయనకు ఇద్దరూ ప్రాణమే, అందుకే భయపడేవారు. చివరికి ఒక వేసవిలో మొదలుపెట్టారు. రోజూ నాలుగింటికి టీ వేళ ఒక్క రౌండు. మొదట కోటయ్య ఒక్కడే వినేవాడు. తర్వాత పక్క లాడ్జి గుమాస్తాలు, ఎదురు వరస హోల్‌సేలు షాపుల వాళ్లు చేరారు. పదో రౌండు నాటికి స్కూటర్లు ఆపుకుని నిలబడేవారు. ఆ ఎండల్లో, చూడని మనుషులు చేయని యుద్ధాన్ని వినడానికి అంతమంది చేరడం గవర్నర్‌పేటకే వింత.

బిల్డింగ్ ఓనరు కూడా వచ్చేవాడు. ఇంటి మీద డిష్షు పెట్టించుకున్న మనిషి. చిన్నోడి పోటీలు టీవీలో చూశాడు. "ఏం సాయిబూ, మావాడే కదా?" అని నవ్వేవాడు. ఆయన "చూద్దామండీ, కాళ్లు ఏమంటాయో" అనేవారు.

పదమూడు రౌండ్లయ్యాయి. శనివారం నాడు మిగిలిన రెండింటినీ ముందుగా నాకు చెప్పారు. పద్నాలుగు చిన్నోడిది. పదిహేను పెద్దాయనది. మొత్తం మీద ఒక్క పాయింటు తేడాతో పెద్దాయన గెలుపు. నా మార్కుల కార్డులోనూ, ఆయన కార్డులోనూ అదే లెక్క వచ్చింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన కళ్లు తడిశాయి. "సోమవారం రెండూ కలిపి అందరికీ చెబుదాం. కాగితం మీరే చదవాలి టీచరమ్మా" అన్నారు. ఆ కాగితాన్ని మడత పడకుండా పుస్తకంలో పెట్టుకుని ఉయ్యూరు తీసుకెళ్లి, మళ్లీ సోమవారం తీసుకొచ్చాను.

సోమవారం ఓనరు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లకు కుర్చీలు వేశారు. నేను పై మెట్టు మీద కాగితంతో నిలబడ్డాను. ఆయన ఆ రోజు స్టూలు మీద కూర్చున్నారు. నాకు అదే మొదట అర్థం కాలేదు.

గంట కొట్టారు. పద్నాలుగో రౌండు మొదలైంది. అరనిమిషం మామూలుగానే నడిచింది. తర్వాత గబగబా, పాఠం అప్పజెబుతున్నట్టు, "పెద్దాయన ఎడమ చెయ్యి కిందికి జారింది. చిన్నోడి కుడి చెయ్యి వచ్చింది. దవడ మీద. పడ్డాడు. లేవలేదు. పది లెక్కపెట్టారు. చిన్నోడు గెలిచాడు" అన్నారు.

 ఓనరు ఒక్కడే చప్పట్లు కొట్టాడు, "చెప్పానా!" అని స్నేహితుల వైపు తిరిగాడు.

"అదేంటండీ, పెద్దాయన ముందున్నాడుగా!" అన్నాడు కోటయ్య. "టీచరమ్మ గారి కార్డు ఏమంటుందో?"

ఆయన నా వైపు తల ఎత్తలేదు. మిషను మీదే చూపు నిలిపి, "నాకౌట్ అయితే ఇంక కార్డులతో పనేముంది? అయినా టీచరమ్మ గారు కూడా ఇలాగే చూశారు. ఏమ్మా?" అన్నారు.

అందరూ పైకి చూశారు. కాగితం నా చేతిలోనే ఉంది. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో చెప్పలేను. పెద్దవాళ్లు అడిగితే తల ఊపడం అలవాటైన మెడ, ఊగింది. అందరూ వెళ్లాక ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను.

ఆ శుక్రవారం మా ఇన్‌స్టిట్యూట్ ప్రిన్సిపాలు గారు పిలిచి, బిల్డింగ్ ఖాళీ చేయమన్నారనీ, పైన కంప్యూటర్ సెంటరు వస్తోందనీ చెప్పారు. నేను కిందికి వచ్చి కోటయ్య కొట్టు ముందు కూలబడ్డాను. టీ గ్లాసు చేతికిస్తూ అతను నసిగాడు.

"నేను చెప్పానని అనకండి. ఆదివారం ఓనరు గారు వచ్చారండీ, మెకానిక్ గారిని పిలిపించారు. టీ నేనే ఇచ్చాను. పైన ఖాళీ చేయిస్తున్నాను, నువ్వు మాత్రం మెట్ల కింద ఉండు, కంప్యూటరోళ్ల పనులు చూసుకో అన్నారు. లేచి వెళ్తూ వెళ్తూ, 'రేపు ఫ్రెండ్సు వస్తున్నారు, మావాడు గెలవాలి' అన్నారు. నవ్వుతూనే అన్నారండీ."

"ఆయనేమన్నారు?"

"ఏమంటారండీ! సలాం పెట్టారు."

నేను మెట్ల కిందికి వెళ్లాను. ఆయన ఏదో మిషను రోలరు తుడుస్తున్నారు.

"మాస్టారూ, పెద్దాయన పడ్డాడా?" అన్నాను.

చెయ్యి ఆగింది. "ఓనరు గారు అడిగారమ్మా. ముగ్గురు పిల్లలు. ఈ చోటు పోతే నేనెక్కడ కూర్చోను?"

"ఆ మాట నాకు చెప్తే సరిపోయేది కదండీ. నేనే మార్చి కొట్టిచ్చేదాన్ని. నా పేరెందుకు చెప్పారు? పైన ఖాళీ చేయిస్తారని తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదు?"

"బాధపడతారనీ..."

"మద్రాసులో మీకు కూడా అలాగే ఎవరూ ముందు చెప్పలేదు కదా!"

అప్పుడు తలెత్తారు. ఆ కనుబొమ మీది గీత తెల్లబడింది. కోపం వచ్చినప్పుడు అలా అవుతుందని నాకు అంతకుముందు తెలియదు.

"ఏంటమ్మా మీరు! ఇదంతా గాల్లో మ్యాచ్ కదా! లేని మనుషులు, లేని రింగు. దెబ్బ ఎవరికి తగిలింది చెప్పండి?"

ఆయన చేసిందాని కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. భయపడి మనిషి తప్పు చేస్తాడు, అది నాకు తెలుసు, నేనూ తల ఊపినదాన్నే. కానీ రెండేళ్లు నాతో రౌండు రౌండుకూ మార్కులు వేయించి, ఒక్క పాయింటు కోసం కళ్లు తడి చేసుకున్న మనిషి, అదంతా గాలి అనేస్తే, ఆ రెండేళ్లు నేను ఎవరితో కూర్చున్నట్టు? పైకి వచ్చేశాను. ఉద్యోగం వదిలిన రోజున కూడా వెనక మెట్ల మీదుగా దిగాను.

తర్వాత నేను కంప్యూటరు నేర్చుకున్నాను, పెళ్లయింది, భవానీపురంలో ఒక డీటీపీ షాపులో చేరాను. ఏడెనిమిదేళ్లు గడిచాయి. రెండు వేల సంవత్సరం దాటాక, ఒకరోజు పదకొండు గంటలప్పుడు, వీలునామాలూ పెళ్లి కార్డులూ కొడుతున్న నా ఎదుట వచ్చి నిలబడ్డారు. బాగా నెరిశారు. భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటి కింద మనిషి కరిగిపోయాడు.

"ఇక్కడే చేస్తున్నారని మావాళ్లు చెప్పారమ్మా. మేమూ ఈ పక్కనే ఉంటున్నాం" అన్నారు. కూర్చోమన్నాను. కంప్యూటర్ సెంటరు వాళ్లు రెండేళ్లకే మెట్ల కింద జనరేటరు పెట్టుకున్నారట. ఆయన్ని లేవమన్నారట. ఆ మాట చెప్పి నవ్వారు. నేను నవ్వలేదు.

కాసేపయ్యాక, గొంతు తగ్గించి, "ఆ మ్యాచ్ మళ్లీ పెడదామా టీచరమ్మా? పెద్దాయనకీ చిన్నోడికీ" అన్నారు. "ఈసారి మీరు ఎవరంటే వాళ్లే గెలుస్తారు."

 ఓనరుకు ఒక గెలుపు ఇచ్చినట్టు నాకొకటి ఇవ్వడానికి వచ్చారు. నేను కోరుకున్నది పెద్దాయన గెలుపు అనుకున్నారు ఇన్నాళ్లూ.

"ఎవరు గెలిచినా నాకు ఒకటే మాస్టారూ. ఏం జరిగిందో చెప్పండి. పద్నాలుగో రౌండు. గంట కొట్టారు. ఊఁ, చెప్పండి" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఆయన లేచి నిలబడ్డారు. కళ్లు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. ఒక నిమిషం గడిచింది. ప్రింటరు ఎవరిదో శుభలేఖ వదులుతూనే ఉంది. కళ్లు తెరిచి కుర్చీ వీపు పట్టుకున్నారు.

"కనబడరమ్మా" అన్నారు. "ఆ సోమవారం నుంచీ ఎవరూ కనబడరు. పెద్దాయన లేడు, చిన్నోడు లేడు, బొగ్గాయన లేడు. ఇసుక కూడా కనబడదు. నా సొంత మ్యాచ్‌లు కూడా గుర్తు రావడం లేదు. మీరు రౌండ్లన్నీ కొట్టారు కదా, మీకేమైనా..."

అడిగి, నా ముఖంలోకి చూస్తూ ఆగిపోయారు.

నాకు ఆ ఇద్దరూ కనబడుతూనే ఉన్నారు. అన్నేళ్లూ ఒక్కరోజు కూడా చెరిగిపోలేదు. పద్నాలుగో రౌండులో పెద్దాయన పడలేదు. దెబ్బ తిన్నాడు, ఎడమ మోకాలు ఇసుకకు ఒక అంగుళం దూరంలో ఆగింది. తాడును తాకకుండా లేచాడు. పదిహేనో రౌండంతా వెనక్కి నడుస్తూనే చిన్నోణ్ణి కొట్టాడు. గంట మోగాక ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల ఆనించారు. ఎవరికి ఎన్ని మార్కులో, ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో అన్నీ తెలుసు. చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు.

"నాకు గుర్తులేదండీ" అన్నాను.

ఆయన తల ఊపి, వస్తానమ్మా అని చెప్పి, మెల్లగా రోడ్డు దాటి వెళ్లిపోయారు. నేను శుభలేఖలో అక్షర దోషాలు దిద్దుకుంటూ కూర్చున్నాను.